రోడ్డుతో పోలిస్తే పదిహేను

గురుకుల కళాశాల హాస్టల్, మంచిర్యాల
9 జూలై 2023

ఉపేందర్ మామకు,

నీ కోడలు సహస్ర రాస్తున్నది. నిన్ను తీసుకుపోయి నలభై రెండు రోజులైంది. ఇక్కడ సెల్‌ఫోన్లు పెట్టుకోనివ్వరు. ఆదివారం వార్డెన్ మేడమ్ ఫోన్ నుంచి అమ్మతో ఐదు నిమిషాలు మాట్లాడనిస్తారు, అంతే. జైలుకు ఉత్తరం రాయవచ్చని మేడమే చెప్పింది.

అమ్మ తలకు వేసిన ఇరవై మూడు కుట్లూ విప్పారు. మందమర్రిలో అమ్మమ్మ దగ్గరే ఉంది. ఎనిమిదో ఇంక్లైన్ కాలనీలో మన క్వార్టరుకు తాళం వేశాం. నా టెన్త్ మెమో కోసం అమ్మమ్మా నేనూ ఒక్కసారి వెళ్లాం. వంటింటి గోడ మీద అమ్మ చేతి ముద్ర అలాగే ఉంది, ఎండిపోయి నల్లగా. అమ్మమ్మ కొబ్బరి పీచుతో రుద్దింది. సున్నం ఊడింది కానీ మరక పోలేదు.

నేను బాగానే ఉన్నాను. మొదటి సంవత్సరం ఎం.పి.సి. ఫిజిక్స్ మేడమ్ రిలేటివ్ వెలాసిటీ మొదలుపెట్టింది. ఎండాకాలం సెలవుల్లో నువ్వు అరుగు మీద కూర్చోబెట్టి నేర్పిన పాఠమే. క్లాసులో అందరికంటే ముందు చేయాల్సినదాన్ని నేను. కానీ "వెనక నుంచి ఒక వాహనం" అని చదవగానే చెయ్యి ఆగిపోతుంది. తీసెయ్యాల్సిన చోట కలిపి వచ్చాను. ఇరవైకి నాలుగు మార్కులు.

ఇంకోసారి మొదటి నుంచి చెప్తావా మామా? ఉత్తరంలోనైనా సరే.

నీ కోడలు
సహస్ర


జిల్లా జైలు
21 జూలై 2023

సహస్రా,

నాలుగు మార్కులు వస్తే నా పేరు చెప్పకు. క్వార్టర్స్ పిల్లలందరికీ ఫిజిక్స్ చెప్పినవాడి కోడలివి నువ్వు.

మొదటి నుంచి చెప్తాను. వేగం అంటే ఎవరికి కనిపించిన వేగం అని ముందు అడగాలి. ఎక్కడ కూర్చుని చూస్తున్నావో తేల్చుకోకుండా పెన్ను పట్టకు. నేను పొద్దుటి షిఫ్టు వాళ్లను జీపులో ఓపెన్‌కాస్టు గనికి తీసుకుపోయేటప్పుడు పక్క పట్టాల మీద బొగ్గు గూడ్సు వచ్చేది. అదీ నలభై, మేమూ నలభై. ఒకసారి మీ బాపు నా పక్కన కూర్చుని, "ఏందిరా ఉపేందర్, గూడ్సు ఆగిందా?" అన్నాడు. బండిలో అందరూ నవ్వారు. ఎల్లేశం బావ తాగనప్పుడు అలా నవ్వించేవాడు. ఒకే దిక్కులో పోయే రెండు బండ్ల వేగాల్లో ఒకటి ఇంకొకదాన్నుంచి తీసెయ్యాలి. ఎదురెదురుగా వస్తే కలపాలి. నలభైలో నలభై పోతే సున్న. అందుకే గూడ్సు ఆగినట్టు కనిపించింది. దీనికి మించి ఇందులో ఏమీ లేదు.

ఇంకో మాట. ఇక్కడ ప్రతి ఉత్తరం చదివాకే లోపలికీ బయటికీ పోతుంది. ఆ రోజు సంగతి నువ్వు రాయవద్దు. జరిగింది నేను పోలీసులకు చెప్పాను. అక్కను దవాఖానకు తీసుకుపోతుంటే బావ బైకు మీద వెంటపడ్డాడు, నేను భయపడి బ్రేకు వేశాను, వెనక నుంచి వచ్చి గుద్దుకున్నాడు, అక్కడికక్కడే పోయాడు. అదే నా మాట. నీ మాట కూడా అదే.

లెక్కలు మాత్రం ఎన్నైనా పంపు.

మీ మామ
ఉపేందర్


మంచిర్యాల
20 ఆగస్టు 2023

మామా,

ఈసారి ఇరవైకి పద్దెనిమిది. సంతోషించు.

ఆదివారం ఫోన్లో అమ్మ ఏడ్చింది. పోలీసులు మళ్లీ వచ్చారట. మూలమలుపు దగ్గర చాయ్ హోటల్ లింగమూర్తి వాళ్లకు వాంగ్మూలం ఇచ్చాడట. "జీపు గుంజిపట్టినట్టు నెమ్మదైంది సార్, గానీ ఎన్క ఎర్రలైటు ఎలగలే" అన్నాడట. కాలితో బ్రేకు తొక్కితే లైటు వెలగాలి. లైటు వెలగలేదంటే చేత్తో హ్యాండ్‌బ్రేకు లాగారు. భయపడ్డవాడు కాలితో తొక్కుతాడు, వెనకవాడికి తెలియకుండా చేత్తో లాగేవాడు చంపాలనే లాగుతాడు అని ఇన్‌స్పెక్టర్ అన్నాడట. కేసు హత్య కింద మార్చారు. నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నాకు నువ్వెందుకు రాయలేదు?

బాపు నాకు రోజూ కలలోకి వస్తున్నాడు. ఆ రోజులా గొడ్డలితో కాదు, నడుముకు కట్టుకునే క్యాప్‌ల్యాంపు బెల్టుతో వస్తున్నాడు. నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు బొగ్గుబాయి నుంచి వచ్చి ఆ బెల్టుతోనే అమ్మను కొట్టాడు. బకిల్ తగిలి అమ్మ పెదవి రెండు ముక్కలైంది. తర్వాత నాకు బెల్టు చూపించి, "చూడు బిడ్డా, గీ లైటు లేకుంటే బాయిల మీ బాపుకు ఏం కనపడది" అని ముద్దుగా చెప్పాడు. అదే చేత్తో. అమ్మ రక్తం అప్పటికింకా బెల్టు మీదే ఉంది.

నాకు ఒక లెక్క రావడం లేదు. చేసి పంపు.

ఒక జీపు సెకనుకు పదిహేను మీటర్ల వేగంతో పోతోంది. దాని వెనక నాలుగు మీటర్ల దూరంలో ఒక బైకు అదే వేగంతో వస్తోంది. జీపు వేగం సెకనుకు రెండు మీటర్ల చొప్పున తగ్గడం మొదలైంది. ఎర్రలైటు వెలగలేదు. బైకు మీది మనిషికి ఎంత సమయం ఉంది? అతను తప్పించుకోగలడా?

సహస్ర


జిల్లా జైలు
4 సెప్టెంబర్ 2023

సహస్రా,

ఈ లెక్క ఏ పుస్తకంలోదో నేను అడగను.

జీపులో కూర్చుని చూడు. మొదట బైకు కదలనట్టే ఉంటుంది, సాపేక్ష వేగం సున్న. జీపు నెమ్మదించగానే అది నీ మీదికి రావడం మొదలవుతుంది. నాలుగు మీటర్లు దాటడానికి రెండు సెకన్లు. తగిలే క్షణానికి జీపుతో పోలిస్తే దాని వేగం సెకనుకు నాలుగు మీటర్లు, అంటే మనిషి పరుగెత్తినంత. తాగనివాడు తేరుకోవడానికి ఒక సెకను చాలు. తాగినవాడికి, ఒక చేతిలో హ్యాండిల్ లేనివాడికి రెండు కూడా చాలవు.

ఇప్పుడు జీపు దిగి రోడ్డు మీద నిలబడి చూడు. బైకు వేగం ఇంకా పదిహేనే. కిందపడే మనిషిని ఆపేది జీపు కాదు, రోడ్డు. జీపుతో పోలిస్తే నాలుగు. రోడ్డుతో పోలిస్తే పదిహేను. హెల్మెట్ లేని తలకు అది చాలు.

బ్రేకు ఎవరు వేశారన్నది లెక్కలో లేదు. లెక్కలో లేనిదాన్ని అడగవద్దు. నేను వేశాను. కాలితో వేశానో చేత్తో వేశానో ఆ గాభరాలో నాకు గుర్తులేదని చెప్పాను. హత్య అంటే అననీ.

మొన్న మా బ్యారకులో ఇద్దరు స్నానం నీళ్ల దగ్గర కొట్లాడుకున్నారు. ఒకతను స్టీలు పళ్లెం అంచుతో ఇంకొకతని చెంప చీరేశాడు. పళ్లు బయటికి కనిపించాయి. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆపడానికి పోలేదు. అడ్డం పోయి ఇక్కడికి వచ్చినవాణ్ని, మళ్లీ ఎక్కడికి పోవాలి?

బాగా చదువు. ఉత్తరాలు తగ్గించు.

మామ


మంచిర్యాల
16 డిసెంబర్ 2023

మామా,

నువ్వు మూడు నెలల నుంచి జవాబు ఇవ్వడం లేదు. ఈ ఉత్తరం అంటించి, నీ లాయరు చంద్రమతి మేడమ్ చేతికి ఇస్తున్నాను. ఆమె విప్పనని మాట ఇచ్చింది. అందుకే దాచకుండా రాస్తున్నాను.

మేడమ్ నన్ను చూడటానికి హాస్టల్‌కు వచ్చింది. "మీ మావయ్యకి యావజ్జీవం పడొచ్చమ్మా. హ్యాండ్‌బ్రేకు గురించి ఆయన ఒక్క ముక్క కూడా చెప్పడం లేదు. నీకేమైనా గుర్తుందా?" అని అడిగింది. లేదన్నాను. 

నాకు అంతా గుర్తుంది.

బాపు మధ్యాహ్నం తాగి వచ్చాడు. టేబుల్ మీద ఈ కాలేజీ ఫారం ఉంది, అమ్మ సంతకంతో. "ఎవల్ని అడిగి పెట్టినవే సంతకం?" అన్నాడు. అమ్మ పిండి కలుపుతోంది. తల ఎత్తకుండానే, "నా బిడ్డ సదువుకు నేను ఎవల్ని అడగాలె?" అంది. అమ్మ అలా ఎదురు చెప్పడం నేను ఎప్పుడూ వినలేదు. బాపు కూడా వినలేదు. తలుపు వెనక నుంచి గొడ్డలి తీశాడు. మొదటిసారి తిప్పి మొద్దువైపుతో భుజం మీద కొట్టాడు. రెండోసారి తిప్పలేదు.

నేను కారప్పొడి డబ్బా బాపు ముఖాన విసిరాను. ఆయన కళ్లు పట్టుకుని కూలబడ్డాడు. నీకు ఫోన్ చేశాను. నువ్వు వచ్చి అమ్మను ఎత్తుకుని వెనక సీట్లో పడుకోబెట్టావు. నేను ముందు కూర్చుని, వెనక్కి వంగి తువ్వాల అదిమి పట్టాను. అది తడిసి నా మోచేతుల దాకా కారింది.

కాలనీ దాటగానే బైకు వచ్చింది. బాపు నీ వైపు నుంచి వచ్చి, ఎడమ చేత్తో గొడ్డలి ఊపి వెనక కిటికీ అద్దం పగలగొట్టాడు. గాజు అంతా అమ్మ మీద పడింది. రెండో దెబ్బ సీటులో దిగింది, అమ్మ మోకాలికి జానెడు దూరంలో. నువ్వు జీపు పక్కకు తిప్పావు. అయినా బాపు అక్కడే ఉన్నాడు, కిటికీకి అతికించినట్టు. నువ్వు చెప్పిన గూడ్సు బండిలాగా, కదలకుండా. ఎర్రటి కళ్లతో నన్నే చూశాడు.

ఇప్పుడు అసలు సంగతి. నా చెయ్యి అప్పటికే హ్యాండ్‌బ్రేకు మీద ఉంది. కానీ లాగలేదు. పక్కన ఉన్నప్పుడు జీపు నెమ్మదిస్తే బైకు ముందుకు పోతుంది, బాపు మళ్లీ మనకు ఎదురుగా వస్తాడు. అది నాకు తెలుసు. ఎదురుగా బొగ్గు లారీ వస్తోంది. దానికి దారివ్వడానికి బాపు మన వెనక్కి వస్తాడని కూడా తెలుసు. వచ్చేదాకా ఆగాను. లారీ పోయింది. బాపు సరిగ్గా వెనక్కి వచ్చాడు. అప్పుడు రెండు చేతులతో లాగాను.

భయంతో లాగలేదు మామా. లెక్క చూసుకుని లాగాను. నువ్వు నేర్పిన లెక్క.

నువ్వు నా చెయ్యి పట్టి విడిపించి, బ్రేకు కిందికి దించి, "నువ్వు ఏం చెయ్యలే, నీకేం తెల్వది" అన్నావు. దవాఖాన వచ్చేదాకా అదే మాట అంటూనే ఉన్నావు.

కోర్టులో చెప్పేస్తాను.

సహస్ర


జిల్లా జైలు
29 డిసెంబర్ 2023

సహస్రా,

నీ కాగితం చదివి, నమిలి మింగాను. సిరా ఇంకా నాలుక మీద ఉంది. ఇది కూడా అంటించి చంద్రమతి మేడమ్ చేతికే ఇస్తున్నాను.

నువ్వు రాసింది నిజం కాదు. జ్వరంలో వచ్చిన కల. ఆ చెయ్యి నాది. ఎన్నిసార్లు అడిగినా, ఎవరు అడిగినా నాది.

బావను చంపాలని నాకు ఎప్పటి నుంచి ఉందో తెలుసా? అక్క పెదవి తెగిన రోజు నుంచి. తొమ్మిదేళ్లు నోట్లో పెట్టుకు తిరిగాను. ఆ సంగతి కాలనీలో అందరికీ తెలుసు. అక్కను ఇంకోసారి ముడితే చంపుతానని హోటల్ ముందే అన్నాను. చంపాలనుకున్నవాడు జైల్లో ఉన్నాడు. ఇందులో అన్యాయం ఏముంది? నాకు పెళ్లాం లేదు, పిల్లలు లేరు. డిగ్రీ చేసి జీపు తోలుకున్నవాణ్ని. నీకు పదహారేళ్లు. అక్క తల పగలగొట్టించుకున్నది ఆ ఫారం కోసం. దాన్ని నువ్వు కోర్టులో తగలబెట్టుకుంటావా?

నువ్వు బోనెక్కి నోరు తెరిచిన రోజు నుంచి నేను బువ్వ ముట్టను. చచ్చేదాకా ముట్టను. ఆ చావు కూడా లెక్కలో వేసుకో.

ఇంక రాయకు.

ఉపేందర్


మందమర్రి
18 ఏప్రిల్ 2024

మామా,

నువ్వు వద్దన్నా రాస్తున్నాను. మొన్న కోర్టులో సగమే చూశావు.

"హ్యాండ్‌బ్రేకు నేను గుంజిన" అని నేను అనగానే నువ్వు "అబద్ధం!" అని అరిచి బోను కర్రకు తల కొట్టుకున్నావు. మూడుసార్లు. నీ నుదుటి రక్తం చొక్కా మీదికి కారింది. కానిస్టేబుళ్లు నిన్ను బయటికి తీసుకుపోయాక జరిగింది ఇది.

జడ్జి మేడమ్ పెన్ను కింద పెట్టి, "నువ్వు చెప్పేది నీ మీదికే వస్తుందమ్మా. తెలిసే చెప్తున్నావా?" అంది.

"తెల్సే చెప్తున్న మేడమ్."

సర్కారు వకీలు లేచి, "మీ మామను తప్పించడానికి నీకు ఎవరు నేర్పించారు ఇదంతా?" అన్నాడు.

"మామ చెప్పొద్దన్నడు సార్. చెప్తే బువ్వ తినను అన్నడు."

"హ్యాండ్‌బ్రేకు లాగితే వెనక లైటు వెలగదని నీకు అప్పుడు తెలుసా?"

"తెల్వది సార్. బాపు ఎన్కకు వచ్చేదాక ఆగాలె అని మాత్రం తెల్సు."

ఎందుకు ఆగావని అడిగాడు. బల్ల మీద ఉన్న రెండు రబ్బరు స్టాంపులు తీసుకుని చూపించాను. పక్కన ఉంటే ఏమవుతుంది, వెనక ఉంటే ఏమవుతుంది. రెండు సెకన్లు, నాలుగు మీటర్లు. నీ వాంగ్మూలంలో లేని సంగతి ఒకటి కూడా చెప్పాను. లాగేటప్పుడు లివరు నా చూపుడువేలు గోరు పీకేసింది. ఆ రోజు దవాఖానలో అమ్మతో పాటు నాకూ కట్టు కట్టారు. చంద్రమతి మేడమ్ ఆ చీటీ తెప్పించి జడ్జికి ఇచ్చింది. అది చూశాక సర్కారు వకీలు కూర్చున్నాడు.

నేను మైనర్‌ను కాబట్టి నా సంగతి పిల్లల బోర్డుకు పంపుతున్నామని జడ్జి రాయించింది.

బయటికి రాగానే అమ్మ నన్ను కొట్టింది. చెంప మీద, చెయ్యంతా తెరిచి. అమ్మ నన్ను కొట్టడం అదే మొదటిసారి. "పదకొండు నెలలు! పదకొండు నెలలు కడుపుల పెట్టుకున్నవా? నాకు చెప్పనీకి నోరు రాలేదా?" అంది. ఇంకోసారి చెయ్యెత్తి, ఎత్తిన చేతిని చూసుకుని, మెట్ల మీద కూర్చుండిపోయింది.

నువ్వు తింటున్నావా మామా? ఆ ఒక్క ముక్క రాయి. తిట్టినా సరే.

సహస్ర


గోలేటి
6 అక్టోబర్ 2024

సహస్రా,

నీ ఏప్రిల్ ఉత్తరానికి ఇప్పుడు జవాబు. నేను ఐదు రోజులు తినలేదు. ఆరో రోజు అక్క ములాఖత్‌కు వచ్చి, "బిడ్డ చెప్పింది, నువ్వు తిను" అని జాలీ అవతల నిలబడింది. నేను తినేదాకా కదలనంది. తిన్నాను.

కోర్టు నన్ను విడిచిపెట్టి నెల దాటింది. మొన్న బోర్డు నీ కేసు మూసేసింది, నిన్నూ మీ అమ్మనూ కాపాడుకోవడానికే చేశావని. చంద్రమతి మేడమ్ ఫోన్ చేసి చెప్పింది. నేను రోడ్డు మీదే కూర్చుని ఏడ్చాను. ఇక్కడ ఒక ట్యూషన్‌లో ఇంటర్ పిల్లలకు చెప్తున్నాను. బండి ముట్టడం లేదు.

అన్నీ ముగిశాయి కాబట్టి నీకు ఒకటి చెప్పాలి. నువ్వు నిజం చెప్పావు, నేను చెప్పలేదు.

బావ అక్కడికక్కడే పోలేదు.

నీ చెయ్యి విడిపించాక అద్దంలోకి చూశాను. రోడ్డు మీద మోచేతి ఆధారంతో లేచాడు. సగం ముఖం లేదు. అయినా నోరు కదులుతోంది, ఒక చెయ్యి మన వైపు ఎత్తి ఉంది. జీపు అప్పటికి నడక వేగంలో ఉంది. ఆపి ఉంటే పది అడుగుల్లో ఆగేది. వెనక అక్క ఉంది, రక్తం పోతోంది, అది నిజమే. కానీ నేను అక్క కోసమే ఆగలేదని ప్రమాణం చెయ్యలేను. ఆ చెయ్యి కిందికి వాలడం చూసి నాకు హాయి అనిపించింది. అప్పుడు నువ్వు "జల్ది పో మామా" అన్నావు. అమ్మ కోసం అన్నావు, నాకు తెలుసు. నేను ఆ మాట అడ్డం పెట్టుకుని తోలాను. లింగమూర్తి పరుగెత్తి వచ్చేసరికి ప్రాణం పోయింది.

లెక్క నీదైనా, ఆగకుండా పోయింది నేను. నువ్వు ఒక్కదానివే చంపావని బతుకంతా అనుకోకు.

మామ


మంచిర్యాల
13 అక్టోబర్ 2024

మామా,

నీ ఉత్తరం ల్యాబులో చదివి, బయటికి వచ్చి మళ్లీ చదివాను.

నువ్వు బాపు నోరు కదలడం చూశావు, మాట వినలేదు. నువ్వు ఇంజన్ పక్కన ఉన్నావు. నేను అప్పటికే సీటు మీది నుంచి వెనక్కి దూకి అమ్మ తల ఒళ్లో పెట్టుకున్నాను. పగిలిన అద్దం నా చెవి పక్కనే ఉంది.

"సహస్రా" అన్నాడు. కాసేపటికి "బిడ్డా" అన్నాడు. తిట్టలేదు మామా. ఆ గొంతులో కోపం లేదు. నన్ను ఎత్తుకుని తిరిగినప్పటి గొంతు.

మూడోసారి పిలిస్తే నేను నిన్ను ఆగమంటానేమోనని భయమేసింది. అందుకే "జల్ది పో" అన్నాను. అమ్మ కోసం కాదు.

ఇది కోర్టులో చెప్పలేదు, బోర్డులో చెప్పలేదు. చంద్రమతి మేడమ్‌కు కూడా చెప్పలేదు. అడగలేదు కాబట్టి చెప్పలేదని నాకు నేను చెప్పుకున్నాను.

దసరా సెలవులు అయిపోతున్నాయి, ప్రాక్టికల్స్ కోసం నేను ముందే వచ్చేశాను. వచ్చే ఆదివారం మాత్రం ఔటింగ్ ఇస్తారు. మందమర్రి పోతున్నాను. అమ్మకు చెప్తాను, బాపు ఆఖరికి నన్ను పిలిచాడని. ఎన్ని రోజులు పెట్టుకోను ఇది? కొడుతుందో, ఏడుస్తుందో. ఏం చేసినా చెయ్యనీ.

నువ్వు పొద్దుటి బస్సుకు రా. మాట్లాడాల్సిన పని లేదు. నా పక్కన కూర్చో, చాలు.

సహస్ర